నేను చూడని తీగ

జనవరి 19

కోర్టు సమన్లు ఇంటికి రావచ్చు కదా, బడికే వచ్చాయి. మూడో తరగతి చేత ఎక్కాలు అప్పజెప్పించుకుంటుంటే కానిస్టేబుల్ గుమ్మంలో నిలబడి, "నఫీసా మేడంగారంటే మీరేనాండీ? ఇక్కడో సంతకం పెట్టండి" అన్నాడు. ఎక్కాలు ఆగిపోయాయి. సంతకం పెట్టి ఇటు తిరిగేసరికి ముందు వరసలో పిల్ల ఏడుపు మొహం పెట్టి, "మిమ్మల్ని తీసుకెళ్ళిపోతారాండీ?" అంది. "నన్ను కాదే, వెంకట్రాజుగారిని. నేను చెప్తే తీసుకెళ్తారు" అన్నాను. పిల్లల దగ్గర అలాంటి మాట అనకూడదు. అనడానికి మాత్రం ఎంత బాగుందో.

ఫిబ్రవరి మూడున ఏలూరు కోర్టులో సాక్ష్యం. అక్కడ తడబడకూడదు కాబట్టి మొత్తం ఒకసారి ఇక్కడ రాసుకుంటాను. రాస్తే గుర్తుంటుందని పిల్లల ప్రాణాలు తోడేసేదాన్ని నేనే కదా.

చనిపోయింది ఏసుబాబు. మా బడిలో మధ్యాహ్నం అన్నం వండే అచ్చాయమ్మ భర్త. ఈ లంక ఊళ్ళో సగం మందిలాగే చేపల చెరువు మీద కూలి. వెంకట్రాజుగారి చెరువులో మేత వేసేవాడు. రాత్రిళ్ళు ఎవరో వలలేసి చేపలు ఎత్తుకుపోతున్నారని రాజుగారు గట్టు చుట్టూ తీగ లాగించి దానికి కరెంటు పెట్టించారు. తెల్లవారగానే కరెంటు తీసేయాలి. ఆ పొద్దున తీయలేదు. ఏసుబాబు మేత బస్తా భుజాన వేసుకుని గట్టెక్కాడు, తీగకి తగిలాడు, పోయాడు. అది రెండేళ్ళ కిందటి మార్చి ఇరవై. పోలీసులు వచ్చేసరికి తీగ లేదు, తీగ కట్టిన గుంజలూ లేవు. మోటారు దగ్గర వాడే అజాగ్రత్తగా ఉండి షాకు కొట్టించుకున్నాడని రాజుగారి మాట. తీగ ఉందనడానికి సాక్షిని నేను.

సమన్ల సంగతి చెబితే తాహిర్ నవ్వారు. ఏలూరులో మోటార్లు వైండింగు చేసే షాపు పెట్టుకున్న మనిషి, ఆ షాపు బల్ల మీద లోకంలో జరిగే తీర్పులన్నీ ముందే వచ్చేస్తాయి. "నువ్వు చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే నఫీసా. ఈపాటికి డబ్బులు అందాల్సిన చోటికి అందిపోయి ఉంటాయి. కోర్టులో గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడిస్తే ఓడినవాడు అక్కడే ఏడ్చాడంటారు, వినలేదా?" అన్నారు. విన్నాను. అందుకే కదా నాలాంటిది వెళ్ళాలి.

జనవరి 21

అప్పుడు పోలీసులకిచ్చిన నా వాంగ్మూలం నకలు నిత్యానందంగారు తెచ్చిచ్చారు. ఆయన ఊరి పెద్ద. స్టేషనులో దగ్గరుండి రాయించింది ఆయనే. నేను పక్కన కుర్చీలో కూర్చుని తలూపాను. పూర్తిగా చదవడం ఇదే మొదటిసారి.

"ఉదయం ఏడు గంటల ప్రాంతంలో ఆటో దిగి, చెరువుకు ఎదురుగా ఉన్న టీ కొట్టు వద్ద టీ తాగుతూ ఉండగా, గట్టు చుట్టూ తీగ ఉండటం, మృతుడు దానికి తగిలి పడిపోవడం, తర్వాత ముద్దాయి మనుషులు తీగ చుట్టి తీసుకుపోవడం కళ్ళారా చూశాను." బాగా రాశారు. ఊరికే రోడ్డు మీద ఎవరూ అంతసేపు నిలబడరు కాబట్టి టీ పెట్టారు. నిత్యానందంగారిది మామూలు బుర్ర కాదు.

నిజానికి నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. ఏసుబాబుని గట్టు మీద పడుకోబెట్టారు. బడి వరండాలో విశ్వాసం కూర్చుని వణుకుతున్నాడు. ఏసుబాబుతో కలిసి మేత వేసేవాడు అతనే. కర్రతో కొట్టి తీగ నుంచి విడదీసింది అతనే, తీగ చుట్టి రాజుగారి బండిలో పడేయడం చూసిందీ అతనే. అంతా నాకు చెప్పాడు. ఎంత వివరంగా చెప్పాడంటే, ఇప్పుడు కళ్ళు మూసుకుంటే నాకు కనిపిస్తుంది. చూడటమంటే ఇంచుమించు అదే కదా.

అబద్ధమంటే జరగనిది చెప్పడం. ఇది జరిగింది.

జనవరి 24

బడి వదిలాక విశ్వాసం వచ్చాడు. చెప్పులు వరండా కిందే వదిలి, "మేడంగారూ, కోర్టుకి నన్ను కూడా రమ్మంటారాండీ?" అన్నాడు.

రెండేళ్ళ కింద నిత్యానందంగారి అరుగు మీద కూడా ఇదే అడిగాడు. అప్పుడు అందరం వద్దన్నాం. మనిషి తాగుతాడు. ఎప్పుడో సారా కేసు ఒకటుంది. సంతకం రాదు, వేలిముద్ర. అలాంటివాణ్ణి బోనెక్కిస్తే అవతలి లాయరు పిండి పిప్పి చేస్తాడు, కోర్టువాళ్ళు మనిషి మాట వినరు, మనిషిని చూస్తారు అని నిత్యానందంగారు అన్నారు. అవునని నేనూ అన్నాను. టీచరు చెబితే ఆ లెక్కే వేరు అన్నారు. అందుకూ అవునన్నాను.

ఈరోజు మళ్ళీ అదే చెప్పాను. "నీ మంచికే చెప్తున్నాను విశ్వాసం. నిన్ను ఎవరూ నమ్మరయ్యా."

"నేను సూశాను కదండీ."

"చూడటం వేరు, నమ్మించడం వేరు."

"అంతేనంటారా అండీ" అని చెప్పులు వేసుకుంటూ, "పోనీలెండి, ఏదోలా ఏసుబాబుకి న్యాయం జరిగితే సాలండి" అని వెళ్ళిపోయాడు.

ఆ వెళ్ళడం నాకు నచ్చలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

ఫిబ్రవరి 2

వాంగ్మూలం మొత్తం నోటికి వచ్చేసింది. అచ్చాయమ్మ ఈరోజు కూర నాకు వేరే గిన్నెలో తీసిపెట్టింది. "మీ నోటి మాట మీదే ఉందండి నా బతుకు" అంది.

ఫిబ్రవరి 3

బాగానే జరిగింది.

ఫిబ్రవరి 4

బాగానే జరిగింది. పీపీ గారు నాతో మాట్లాడకుండానే కారెక్కి వెళ్ళిపోయారు, పని తొందరేమో. ప్రభుత్వం తరఫు లాయరంటే ఎన్ని కేసులుంటాయి. అచ్చాయమ్మ "బాగా సెప్పారండి" అంది. తాహిర్ అడిగితే తలనొప్పిగా ఉందన్నాను.

ఫిబ్రవరి 8

ఆదివారం. తాహిర్ లేరు. రాయకపోతే మనసు నిలవడం లేదు. రాస్తే చదువుకోవాల్సింది నేనే, ఎవరికి భయపడాలి?

కోర్టు హాలు మా బడి గదికంటే పెద్దదేం కాదు. జడ్జిగారు ఆడమనిషి. నా కంటే చిన్నది, గొంతూ చిన్నదే. సినిమాల్లోలాగా సుత్తి లేదు. ఫ్యాను చప్పుడుకి నా మాట వినపడటం లేదని, దాన్ని తగ్గించమని బంట్రోతుకి తనే చెప్పింది. దేవుడి ఎదుట ప్రమాణం చేసి నిజమే చెబుతానన్నాను. పాఠం అప్పజెప్పినట్టు గడగడా చెప్పాను. వెంకట్రాజుగారు ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆయన మొహం చూస్తూ చెప్పాను, జంకు లేదు. లోపల ఒక మూల గర్వంగా కూడా ఉంది.

తర్వాత ఆయన లాయరు ఫణికిరణ్ లేచాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. అమ్మా, అమ్మా అంటాడు.

"టీ బాగుంటుందామ్మా ఆ కొట్లో?"

"బాగుంటుందండి."

"ఆ రోజు కూడా తాగారు."

"తాగానండి. అల్లం టీ."

అల్లం నిత్యానందంగారు రాయించలేదు. నేనే కలిపాను. అబద్ధానికి రుచి వస్తుందనుకున్నాను కాబోలు.

"గ్లాసు పూర్తిగా తాగారా, సగంలో కేకలు వినపడ్డాయా అమ్మా?"

"సగంలోనండి. గ్లాసు అక్కడే పెట్టేశాను."

అతను ఒక పాత క్యాలెండరు జడ్జిగారికి అందించి, నా వైపు తిరిగి, చాలా నెమ్మదిగా, "ఆ ఏడాది మార్చి ఇరవై రంజాన్ నెలలో వచ్చిందమ్మా. అప్పుడు మీకు ఒక్కపొద్దులు కదా?" అన్నాడు.

రంజాన్ ఏటేటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. మార్చి ఇరవై అంటే నాకు ఏసుబాబు పోయిన రోజు, అంతే. ఆ ఏడాది రంజాన్ ఎప్పుడు పడిందో నేను చూసుకోలేదు. నిత్యానందంగారికి తెలియదు, పోలీసులకి తెలియదు. తెలియాల్సింది నాకు. ఇన్నిసార్లు బట్టీ పట్టిన మనిషికి, ఆ టీ దగ్గర ఒక్కసారైనా నాలిక తడబడలేదు. చూసినదాన్నైతే తడబడేదే.

అప్పుడన్నా ఆగాల్సింది. ఆగలేదు. "ఆ రోజు నాకు ఒక్కపొద్దు లేదండి" అన్నాను.

"ఎందుకని అమ్మా?"

నేల చూస్తూ, "ఆడవాళ్ళకి ఉంటాయి కదండీ కొన్ని రోజులు" అన్నాను.

జడ్జిగారు తలెత్తి, "లాయరుగారూ, ఆ విషయం ఇక అడగకండి. ఆవిడ గౌరవం ఆవిడకుంది" అంది. నా గౌరవం! నాకు ఎంత ధైర్యం వచ్చిందో. గట్టెక్కాననుకున్నాను. ఆవిడ నా పరువు కోసం అడ్డం పెట్టిన చెయ్యిని నేను అబద్ధానికి పట్టుకొమ్మ చేసుకున్నాను.

ఫణికిరణ్ తల వంచి, "సరేనండి, అడగను" అన్నాడు. మళ్ళీ నా వైపు చూసి, "మా పక్కింటివాళ్ళు మీవాళ్ళేనమ్మా. ఒక్కపొద్దు లేని రోజుల్లో కూడా ఆ ఇంటి ఆడవాళ్ళు తలుపు చాటున మంచినీళ్ళు తాగుతారు, పిల్లలకి కూడా కనపడకుండా. మీరు ఆ నెలలో పట్టపగలు రోడ్డు మీద నిలబడి టీ తాగారంటారా?" అన్నాడు.

అవును అని ఒక్క మాట. అంతే చెప్పాల్సింది. నోరు రాలేదు. మా అమ్మ, మా అత్తగారు, నేను, మేమంతా ఆ రోజుల్లో వంటింటి తలుపు దగ్గరకేసి తాగేవాళ్ళమే. దేవుడి మీద ప్రమాణం చేసి చూడని తీగని చూశానన్నదాన్ని, రంజాన్‌లో వీధిలో టీ తాగానని మాత్రం అనలేకపోయాను. పరువు అక్కడ అడ్డం పడింది. ఏ పరువో నాకే అర్థం కావడం లేదు.

నేను మాట్లాడకపోవడం కూడా రాసుకున్నారు.

జడ్జిగారు బంట్రోతు చేత నాకు మంచినీళ్ళు ఇప్పించింది. నేను తాగేదాకా ఆగి, "అమ్మా, మీరు కళ్ళతో చూసింది ఏదో, ఎవరైనా చెప్పగా విన్నది ఏదో విడివిడిగా చెప్పండి. ఎవరు చెప్పారో కూడా చెప్పొచ్చు. నేను అలాగే రాసుకుంటాను" అంది.

తలుపు బార్లా తీసిపెట్టింది. విశ్వాసం బయట మెట్ల దగ్గరే ఉన్నాడు. పిలవకపోయినా అచ్చాయమ్మ వచ్చిన ఆటోలోనే వచ్చేశాడు, ఉతికిన చొక్కా వేసుకుని. ఆ పేరు ఒక్కటి చెబితే చాలు.

"అంతా నేనే చూశానండి" అన్నాను.

ఆవిడ నా వైపు ఒక్క క్షణం చూసింది. కోపం లేదు ఆ చూపులో. తల వంచి రాసుకుంది.

ఫిబ్రవరి 19

మొదటి ఒక్కపొద్దు. బడిలో అచ్చాయమ్మ, "మేడంగారు ఒక్కపొద్దులు మొదలెట్టారాండీ" అని నవ్వుతూ అడిగింది. కోర్టులో వెనక బల్ల మీద కూర్చుని ఆవిడ కూడా అంతా వింది. ఆ నవ్వుకి అర్థం ఏమిటో తెలియక సుద్దముక్క కోసం సంచీ వెతుకుతున్నట్టు నటించాను. వాదన ముగిసిందట, తీర్పు వచ్చే నెల.

నా ఒక్క మాట తప్పితే మాత్రం కేసు పోతుందా? పోలీసులు ఉన్నారు, డాక్టరు రిపోర్టు ఉంది.

మార్చి 6

కొట్టేశారు.

నిత్యానందంగారు ఫోన్ చేశారు. "అనుమానం కింద వదిలేశారండి. అనుకున్నదే కదండీ. పెద్దోళ్ళ కోర్టులండి అవి" అన్నారు. ఆయన గొంతులో బాధ ఉంది కానీ ఆశ్చర్యం లేదు. నాకు ఆశ్చర్యమూ లేదు, బాధని ఏ మొహంతో పడాలో తెలియలేదు.

అచ్చాయమ్మ పనిలోకి రాలేదు. హెడ్మాస్టరుగారు ఇంకెవరినో పిలిచి అన్నం వండించారు. పప్పు మాడింది. పిల్లలు తిన్నారు.

మార్చి 7

టీచర్ల గదిలో ఇదే మాట. వెంకట్రాజుగారు జడ్జిగారికి తాడేపల్లిగూడెంలో స్థలం రాసిచ్చారట. ఎవరు చెప్పారంటే అందరూ చెబుతున్నారు. హెడ్మాస్టరుగారు నా వైపు తిరిగి, "మీరు దగ్గర్నుంచి చూశారు కదా మేడం. ఆవిడ వాలకం ఎలా ఉందండీ?" అన్నారు.

అందరూ నా నోటి వంక చూస్తున్నారు.

"ఏమోనండి. అదోలా ఉన్నారు" అన్నాను.

"చూశారా!" అన్నారు ఆయన.

మార్చి 9

ఇఫ్తార్ దగ్గర ఖర్జూరం నోట్లో వేసుకుంటూ తాహిర్ చెప్పారు. షాపుకి మోటారు బాగుచేయించుకోవడానికి వచ్చిన వాళ్ళెవరో అన్నారట, "ఆ జడ్జి మొదట్నుంచీ అదోలా ఉందటండీ. సాక్షి టీచరమ్మే చెప్పిందట. మంచినీళ్ళు ఇప్పించి మధ్యలో ఆ సాక్షి నోరు కట్టేసిందట" అని. మావారు ఛాతీ విరుచుకుని, "ఆ టీచరు మా ఆవిడేనండి" అన్నారట. ఆ మోటారు కూలి తగ్గించి తీసుకున్నారట కూడా.

దప్పికతో ఎండిపోయిన మనిషికి నీళ్ళిచ్చిన చెయ్యిని లంచం చెయ్యి చేసి పెట్టాను.

"నిజంగా అలా చేసిందా నఫీసా?" అని అడిగారు తాహిర్. ఉప్పు ఎక్కువైందా అని అడిగాను. లేదన్నారు.

సిగ్గుగా ఉంది. ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

మార్చి 11

పీపీ గారు ఫోన్ చేశారు. తీర్పు నకలు ఫోనుకి పంపారు. ఇంగ్లీషులో ఉంది. నాకొచ్చిన ఇంగ్లీషుతో వాక్యం వాక్యం కూడబలుక్కుని చదివాను. నా గురించి ఒక పేజీ ఉంది. సాక్షి ఆ చోట ఉన్నట్టు నమ్మడానికి వీలులేదు అని ఉంది. తిట్టు ఒక్కటి కూడా లేదు. ఆ తర్వాత ఇలా ఉంది: "మృతుడితో కలిసి పనిచేస్తున్న విశ్వాసం అనే వ్యక్తి ఆ సమయంలో చెరువు వద్ద ఉన్నట్టు కాగితాల్లో కనిపిస్తోంది. ఘటనను దగ్గరగా చూసి ఉండగల ఆ మనిషిని సాక్షిగా ఎందుకు పిలవలేదో ఎవరూ చెప్పలేదు. అతన్ని విని ఉంటే ఈ కోర్టుకు నిజం తెలిసి ఉండేది."

వేలిముద్రవాడని, తాగుబోతని మేం పక్కకు నెట్టిన మనిషి గురించి ఆవిడ అడిగింది. అతని మాట వినరు అని కోర్టు ఎన్నడూ అనలేదు. అన్నది నిత్యానందంగారు, నేను. మనిషి మాట వినకుండా మనిషిని చూసింది మేమే.

పీపీ గారు ఇంకో మాట చెప్పారు. "అచ్చాయమ్మ పైకోర్టుకి అప్పీలు వేసుకోవచ్చు మేడం. ఆ విశ్వాసాన్ని పిలిపించమని అక్కడ అడగొచ్చు. ఒప్పుకుంటారని హామీ ఏం లేదు. కానీ అతన్ని ఎందుకు దాచారో ఎవరో ఒకరు రాసివ్వాలి కదా." ఆ ఎవరో ఒకరు ఎవరో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. "దొంగ సాక్ష్యం కింద మీ మీద చర్య తీసుకోమని జడ్జిగారు రాయొచ్చు. రాయలేదు. మీ అదృష్టం" అని పెట్టేశారు.

మార్చి 12

అచ్చాయమ్మ వచ్చింది పనిలోకి. అప్పీలు మాట నిత్యానందంగారు చెప్పారట. వద్దందట. "పైన కూడా ఆళ్ళేనండి. ఎన్ని మెట్లెక్కినా స్థలాలు ఇచ్చేవోడికే న్యాయం" అంది నాతో, బియ్యంలో రాళ్ళు ఏరుతూ.

చెప్పాలి. ఆవిడకి నేనొక్కదాన్నే చెప్పగలను. పిల్లలు గోల చేస్తున్నారు, ఇప్పుడు కాదు.

మార్చి 13

శుక్రవారం, జుమా. నమాజులో కూర్చుంటే ఆ హాలే కళ్ళ ముందుకొచ్చింది. దువాకి చేతులు చాపి, ఏం అడగాలో తెలియక దించేశాను. రేపు చెప్తాను.

మార్చి 14

చెప్పలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది నా పని. ఎవరు నా వంక చూసినా కొంగు సర్దుకుంటున్నాను.

మార్చి 15

ఆదివారం. వెళ్ళాను.

అచ్చాయమ్మ అప్పుడే చర్చి నుంచి వచ్చింది. విశ్వాసం గడప మీద కూర్చుని ఉన్నాడు, ఏసుబాబు పోయినప్పటి నుంచి ఆదివారాలు ఓసారి వచ్చి చూసి వెళ్తాడు. "ఒక్కపొద్దు కదండీ మీకు, మంచినీళ్ళిస్తాననడానిక్కూడా లేదు" అని నొచ్చుకుంటూ కుర్చీ తెచ్చి వేసింది అచ్చాయమ్మ.

కూర్చోకుండానే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనని భయం. "అచ్చాయమ్మా, నేను ఆ తీగని చూడలేదు."

"తెలుసండి" అంది ఆవిడ.

నేను కూర్చున్నాను.

"మొదటి రోజే తెలుసండి. విశ్వాసం సూశాడు, మీరు సూళ్ళేదు. మా మాట ఎవరింటారు, సదువుకున్న మేడంగారు సెప్తేనన్నా ఇంటారని ఊరుకున్నానండి. కోర్టులో ఆ లాయరు మిమ్మల్ని అడక్కూడనియ్యి అడుగుతుంటే నా పేణం సచ్చిపోయిందండి. నా మూలంగానే కదండీ దేవుడి నెలలో మీకా మాట. ఏమీ అనుకోకండి మేడంగారూ" అని నా చెయ్యి పట్టుకుంది.

ఆవిడ నన్ను క్షమాపణ అడిగింది. మొగుడు పోయి, కేసు పోయి, ఆ రెంటికీ మధ్యలో నిలబడ్డ మనిషినైన నన్ను. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"జడ్జిగారు ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. అదోలా ఉన్నారని నేనే అన్నాను. మంచినీళ్ళు దాహానికే ఇప్పించారు. అబద్ధం నాది. దాన్ని పట్టుకున్నారు, అంతే" అన్నాను. ఫోను తీసి తీర్పులోని ఆ మూడు వాక్యాలూ తెలుగులో చదివాను.

విశ్వాసం గడప మీద నుంచి లేచాడు. "నా పేరుందాండీ అందులో?"

"ఉంది."

"ఇంకోసారి సదవండి."

చదివాను. అతను నోట్లో నోట్లో అనుకుంటూ విన్నాడు. అతని పేరు వచ్చిన చోట అచ్చాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పీలు సంగతి చెప్పాను. దానికి నేను అబద్ధం చెప్పానని రాసివ్వాలని కూడా చెప్పాను. అచ్చాయమ్మ, "మీ ఉజ్జోగం పోద్దేమోనండి?" అంది.

"పోవచ్చు. కేసు కూడా పెట్టొచ్చు."

"అయితే వద్దులెండి. పోయినోడు ఎలాగూ రాడు. మీరెందుకండీ మజ్జిలో."

హమ్మయ్య అనిపించింది. రాయకుండా ఉండలేను, అనిపించింది. గుండె మీద నుంచి బస్తా దించినట్టు తేలిగ్గా అయింది ఒక్క క్షణం. రెండు నెలలుగా నేను చేసిన అన్నింటిలోకీ ఇదే నీచం.

విశ్వాసం మాత్రం మెట్టు దిగి చెప్పులు వేసుకుంటున్నాడు. "ఆవిడ అడిగారు కదండీ, నన్నెందుకు పిలవలేదని. పెద్దావిడ అడిగాక ఎల్లకపోతే ఏం బాగుంటాదండీ? ఎప్పుడెల్దామంటారు?" అన్నాడు. అతని ప్రశ్న నాకే. రెండేళ్ళుగా అతను అడిగినవన్నీ నాకే.

"రేపు" అన్నాను. "ముందు పీపీ గారి దగ్గరికి. నేను రాసివ్వాల్సింది రాసిస్తాను."

"ఆయ్. అలాగేనండి" అన్నాడు.

తాహిర్‌కి చెప్పాను. "ఆ మోటారు అతను మళ్ళీ వస్తే ఏం చెప్పను?" అన్నారు. నిజం చెప్పమన్నాను. "నమ్మడు" అన్నారు.

మార్చి 16

పొద్దున్నే బడికి వెళ్ళి సెలవు చీటీ రాశాను. కారణం అన్న చోట చెయ్యి దానంతటదే 'జ్వరం' అని రాసింది. కొట్టేశాను. కొట్టేసి, 'కోర్టులో అబద్ధపు సాక్ష్యం చెప్పాను, అది దిద్దుకోవడానికి వెళ్తున్నాను' అని రాసి హెడ్మాస్టరుగారికి ఇచ్చాను.

ఆయన చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, నా మీద నిజమైన జాలితో అన్నారు:

"జ్వరమనే ఉంచేయాల్సింది కదండీ మేడం. ఎవరు చూడొచ్చారు?"